ముందున్నవాళ్లే దారి తొక్కాలి

రోడ్డు మీద పది కిలోమీటర్లు ముప్పావుగంటలో ముగించే రన్నర్‌ను తీసుకెళ్లి కాళ్లకు వెడల్పాటి చట్రాలు కట్టుకుని మంచు మీద పరిగెత్తే స్నోషూ రేసులో నిలబెడితే, అదే దూరానికి గంట దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మంచు లోతుగా, మెత్తగా ఉంటే ఇంకా ఎక్కువే పడుతుంది. మధ్యలో ఒకసారైనా బోర్లా పడటం దాదాపు ఖాయం. పడినా దెబ్బ తగలదు, మంచు మెత్తగానే ఉంటుంది. లేవడమే కష్టం. ఊతకు చెయ్యి పెడితే మోచేతి దాకా దిగిపోతుంది. ఈలోగా వెనకున్నవాళ్లు నలుగురు దాటిపోతారు.

ఉత్తర అమెరికా, ఆల్ప్స్, జపాన్ వంటి మంచు ప్రాంతాల్లో చలికాలం పొడవునా ఈ పరుగు పందేలు జరుగుతాయి. మోకాలి లోతు మంచులో మామూలు బూట్లతో నడవాలంటేనే అడుగడుక్కీ కాలు పీక్కోవాలి. ఇక పరిగెత్తడం ఎలా? పాదం మోపే బరువును ఎక్కువ వైశాల్యం మీదకు పరిస్తే చాలు, కాలు అంత లోతుకు దిగబడదు. డెబ్బై కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడ్డాడనుకుందాం. బూటు అడుగు వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 350 గ్రాముల బరువు పడుతుంది. అదే బూటు కింద 770 చదరపు సెంటీమీటర్ల స్నోషూ ఉంటే ఆ బరువు 90 గ్రాములకు తగ్గుతుంది. స్నోషూ వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇంతే.

ఆ 770 ఊరికే వేసిన అంకె కాదు. 1977లో ఏర్పడిన అమెరికా స్నోషూ సంఘం తన పోటీల్లో వాడే స్నోషూకు కనీసం 120 చదరపు అంగుళాల వైశాల్యం ఉండాలని నిబంధన పెట్టింది. లెక్క కడితే అది ఇంచుమించు 770 చదరపు సెంటీమీటర్లు. ఈ గీత గీయకపోతే రన్నర్లు ఏటికేడు స్నోషూను కోసుకుంటూ పోయి చివరికి ముళ్ల బూట్లతోనే వచ్చేస్తారు. చిన్నదైతే తేలిక, తేలికైతే వేగం. గట్టిగా అణచిన బాట మీద పెద్ద స్నోషూతో పనే లేదు. అందుకే రేసు స్నోషూలు తయారుచేసే కంపెనీలన్నీ ఆ కనీస హద్దును ఆనుకునే కొలతలు పెట్టుకుంటాయి.

దగ్గర నుంచి చూస్తే రేసు స్నోషూ చాలా పొదుపైన వస్తువు. చుట్టూ సన్నని అల్యూమినియం గొట్టంతో చట్రం. మధ్యలో బిగుతుగా లాగి కట్టిన ప్లాస్టిక్ బట్ట. ముందువైపు పాదాన్ని పట్టి ఉంచే బైండింగ్. సరిగ్గా ముందరి పాదం కింద ఒక వరుస, మడమ కింద మరో వరుస లోహపు పళ్లు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందరి పళ్లు, దిగేటప్పుడు మడమ పళ్లు మంచులోకి దిగి పట్టునిస్తాయి. మడమను కట్టేయరు. పాదం ముందుభాగం మీదే స్నోషూ వేలాడుతుంది, మడమ స్వేచ్ఛగా పైకి లేస్తుంది. ఇలా లేవకపోతే పరుగు కాదుకదా, నడక కూడా సాగదు. గెలుపు కోసమే వచ్చే కొందరు బైండింగ్‌ను పూర్తిగా పక్కన పెట్టి, పాత రన్నింగ్ షూ అడుగునే స్నోషూకు బోల్టులతో బిగించేస్తారు. పట్టీల బరువు తగ్గుతుంది, పాదం పక్కకు జరగదు. ఇక ఆ షూ ఇంకెందుకూ పనికిరాదు.

స్టార్ట్ లైన్ దగ్గర అందరి తలలూ కిందికే ఉంటాయి. పట్టీ ఎంత బిగించాలన్నదే అక్కడ పెద్ద సమస్య. వదులుగా ఉంటే మొదటి మలుపులోనే పాదం పక్కకు జారుతుంది. మరీ బిగిస్తే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారతాయి. మైనస్ పది డిగ్రీల చలిలో రేసు మధ్యలో పట్టీ ఊడితే గ్లవ్ తీయాలి, బకిల్ మీద గడ్డకట్టిన మంచును గోకాలి, వణికే వేళ్లతో మళ్లీ పెట్టుకోవాలి. రెండు నిమిషాలు పోయినట్టే. అనుభవం ఉన్నవాళ్లు పట్టీ చివర వేలాడే ముక్కను కూడా లోపలికి దోపుకుంటారు. రెండో కాలి పళ్లు దాన్ని తొక్కాయంటే నేరుగా మొహం మీదే పడతారు.

గుంపు కదిలిందంటే ముందు వినపడేది చప్పుడు. స్నోషూ తోక భాగం ప్రతి అడుగుకీ మంచును చరుస్తుంది. వందల జతలు ఒక్కసారి చరిచేసరికి పక్కవాడి మాట వినపడదు. తోక పైకి లేస్తూ మంచును వెనక్కి విసురుతుంది. అది తన వీపు మీద, వెనక వచ్చేవాళ్ల మొహం మీద పడుతుంది. కొత్తవాళ్లు రేసు అయ్యాక జాకెట్ విప్పి, వీపంతా ఇలా ఎందుకు తడిసిందా అని తికమకపడేది ఇందుకే.

అడుగు వేసే పద్ధతి మారాలి. కాళ్లకు చేటలు కట్టుకుని పరిగెత్తినట్టే ఇది. మామూలుగా పరిగెత్తితే ఒక చేట రెండోదాన్ని తొక్కుతుంది. అందుకని కాళ్ల మధ్య ఎడం పెంచాలి, మోకాలు కాస్త ఎక్కువ ఎత్తాలి, అంగ తగ్గించి అడుగుల సంఖ్య పెంచాలి. చెప్పడానికి మూడు ముక్కలే. తొలిసారి పరిగెత్తినవాళ్లకు మర్నాడు తుంటి ముందు కండరాలు, పిక్కలు పట్టేసి మెట్లు దిగడమే గగనమవుతుంది. రోడ్డు పరుగులో ఈ తుంటి కండరాలకు ఇంత పని పడదు. ఇక్కడ ప్రతి అడుగులోనూ అదనపు బరువును ఎత్తేది అవే. దీనికి బదులుగా మోకాళ్లకు మాత్రం ఊరట దొరుకుతుంది. కాంక్రీటు మీద పడే దెబ్బ మంచు మీద పడదు. వెర్మాంట్, మిన్నెసోటా, కొలరాడో, క్యూబెక్ ప్రాంతాల రన్నర్లు డిసెంబరు నుంచి మార్చి దాకా స్నోషూ కట్టడానికి సగం కారణం ఇదే. మిగతా సగం, జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద గంటలకొద్దీ ఎదురుగోడను చూస్తూ పరిగెత్తలేకపోవడం.

ఈ ఆటలో అసలు రసం మాత్రం ఇంకోచోట ఉంది. అడవిలో చెట్ల మధ్య వేసిన రేసు బాట చాలాచోట్ల ఒక మనిషి పట్టేంత వెడల్పే. రాత్రి కొత్తగా మంచు కురిసిందంటే ముందున్న రన్నర్ ప్రతి అడుగునూ మెత్తటి మంచులోకి దించి, దాన్ని అణచి, మళ్లీ పైకి తీయాలి. రెండోవాడు అణిగిన చోట కాలు పెడతాడు. పదోవాడి దగ్గరికి వచ్చేసరికి అది బాట అయిపోతుంది. ముందున్నవాడు శక్తి ఖర్చుపెడుతుంటే వెనకున్నవాడు పొదుపు చేసుకుంటాడు. అందుకే లోతైన మంచు ఉన్న రోజున మొదటి కిలోమీటరులో దూసుకెళ్లేవాడు తెలివితక్కువవాడనే లెక్క. నలుగురైదుగురు జట్టుగా సాగుతూ వంతులవారీగా ముందుకొచ్చి దారి తొక్కడం, ప్రత్యర్థులే అయినా, ఇక్కడ మామూలు.

మరి దాటడం ఎలా? వెనక నుంచి "ఎడమవైపు!" అని కేక వేయాలి. ముందున్నవాళ్లు కాస్త పక్కకు ఒరిగి దారి ఇవ్వడం మర్యాద. ఇవ్వకపోతే బాట వదిలి తొక్కని మంచులోకి దిగి, తొడల బలంతో పది పన్నెండు అడుగులు ఉరికి మళ్లీ బాటెక్కాలి. ఆ పది అడుగులకే గుండె గొంతులోకి వస్తుంది. దాటాక వేగం తగ్గిందో, దాటించుకున్నవాడు నెమ్మదిగా వెనక చేరి మళ్లీ నీడలా అంటుకుంటాడు. కాబట్టి దాటాలా వద్దా అన్నది కాళ్లతో కన్నా తలతో తేల్చుకోవాల్సిన సంగతి. రోడ్డు మారథాన్‌లో లేని ఈ లెక్క వల్లే కొందరు మంచి రన్నర్లు ఇక్కడ తేలిపోతారు, ఓ మాదిరి రన్నర్లు గెలుస్తారు.

మంచంతా ఒకలా ఉండదు. కొత్తగా కురిసింది పిండిలా ఉంటుంది. ఎండకు కాస్త కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టిందైతే పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు ఒక అడుగు మోస్తుంది, తర్వాతి అడుగుకు పగిలిపోతుంది. పరిగెత్తేవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ విసిగించేది ఇదే. ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వస్తే తడి మంచు పళ్ల మధ్య ఇరుక్కుని ఉండ కడుతుంది. ఒక్కో అడుగుకూ ఉండ పెరిగి, చివరకు గుండ్రాయి మీద నిలబడినట్టు కాలు ఒరుగుతుంది. చెట్టు మొదలుకు తన్నో, ఒక స్నోషూను రెండోదానికి కొట్టో దాన్ని రాలగొట్టుకుంటారు.

బట్టల విషయంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు చలికి భయపడి ఎక్కువ వేసుకోవడం. స్టార్ట్ లైన్ దగ్గర వణుకుతున్నవాళ్లే సరిగ్గా తయారైనట్టు లెక్క, ఎందుకంటే పది నిమిషాల్లో ఒళ్లంతా చెమట పడుతుంది. నూలు బనియన్ ఆ చెమటను పీల్చుకుని వంటికి అతుక్కుంటుంది, ఆగిన క్షణం నుంచీ ఒళ్లు చల్లబడిపోతుంది. ఉన్ని గానీ, చెమటను బయటికి పంపే సింథటిక్ బట్ట గానీ వేసుకోవాలి. నీళ్ల సంచి గొట్టం గడ్డకడుతుంది కాబట్టి ప్రతి గుక్క తర్వాత గొట్టంలోకి గాలి ఊది నీళ్లను వెనక్కి పంపేస్తారు.

వస్తువుగా చూస్తే స్నోషూ వయసు వేల ఏళ్లు. దీన్ని కళగా మలిచింది ఉత్తర అమెరికా ఆదివాసులు. యాష్ చెక్కను ఆవిరితో వంచి చట్రం చేసి, దుప్పి తోలు పచ్చిగా ఉండగానే సన్నగా చీల్చిన తాళ్లతో జల్లెడలా అల్లేవారు. దట్టమైన అడవిలో తిరగడానికి గుండ్రటిది, బయలు మంచులో వేగంగా పోవడానికి రెండు కొసలూ మొనదేలిన పొడవాటిది. నేలను బట్టి, మంచును బట్టి ఆకారం. చలికాలంలో వేటకైనా, ఊరి నుంచి ఊరికి కబురు మోసుకెళ్లడానికైనా ఇవే ఆధారం.

దీన్ని పోటీ క్రీడగా మార్చింది మాంట్రియల్ నగరం. 1840లలో అక్కడ ఏర్పడిన మాంట్రియల్ స్నోషూ క్లబ్ సభ్యులు తెల్లటి కంబళి కోటు, నడుముకు రంగు దట్టీ, నీలం ఉన్నిటోపీ పెట్టుకుని, రాత్రిపూట కాగడాలతో మౌంట్ రాయల్ కొండ ఎక్కేవారు. కొండ మీదుగా పరుగు పందేలు, కంచెలు దూకే పందేలు పెట్టేవారు. 1883లో నగరం తొలి చలికాలపు కార్నివాల్ జరిపి మంచుగడ్డలతో కోట కట్టినప్పుడు, దాన్ని ముట్టడించినట్టు నటించింది కాగడాలు పట్టిన ఈ స్నోషూ జనమే.

ఇందులో చేదు సంగతి ఒకటుంది. నగరానికి ఎదురుగా, సెయింట్ లారెన్స్ నది అవతల ఉన్న కానవాకే ఊరి మోహాక్ రన్నర్లు ఆ రోజుల్లో మేటి స్నోషూ పరుగువీరులు. క్లబ్బులు వాళ్లను పిలిచేవి, కానీ వేరే పందెంలో. వాళ్ల పందేనికి నగదు బహుమతి, తెల్లవాళ్ల పందేనికి పతకాలు, కప్పులు. ఆ తర్వాత డబ్బు తీసుకున్నవాడు 'అమెచ్యూర్' కాడన్న నియమం బిగుసుకుని, ఆ డబ్బునే సాకుగా చూపి వాళ్లను ప్రధాన పోటీలకు దూరం పెట్టారు. పరికరం వాళ్లది, నడక వాళ్లది, నేల వాళ్లది. నిబంధనల పుస్తకం మాత్రం వేరేవాళ్ల చేతిలో. క్రీడాచరిత్రలో ఇలాంటివి కొత్త కావు గానీ, ఇంత పచ్చిగా కనబడేవి తక్కువ. ఆట మాత్రం ఉత్తరాదిన ఇంకా బతికే ఉంది: కెనడా, అలాస్కా, గ్రీన్‌లాండ్ వంటి ఉత్తర ప్రాంతాల యువతకు జరిగే ఆర్కిటిక్ వింటర్ గేమ్స్‌లో ఇప్పుడు స్నోషూ పరుగుతో పాటు, స్నోషూల మీద పరిగెత్తి తుపాకీతో గురిచూసే బయాథ్లాన్ కూడా ఉంది.

చెక్క చట్రం పోయి అల్యూమినియం వచ్చాక పరుగుకు ఊపు వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో పెర్రీ క్లెబాన్ అనే యువకుడు ప్రాజెక్టుగా మొదలుపెట్టిన డిజైన్ 1990లో అట్లాస్ కంపెనీ అయింది. వెర్మాంట్‌కు చెందిన డియాన్ వంటి చిన్న సంస్థలు పూర్తిగా రన్నర్ల కోసమే తయారు చేశాయి. మంచును బట్టి అడుగున పళ్లు విప్పి వేరేవి బిగించుకునే వీలు కూడా కల్పించాయి.

పోటీల్లో పెద్ద జాతరలా సాగేది ఇటలీలోని చాస్పొలాడా. ఉత్తరాన ట్రెంటినో ప్రాంతంలో, ఆపిల్ తోటలకు పేరుమోసిన వాల్ ది నోన్ లోయలో, ఫొండో అనే ఊరి పరిసరాల్లో 1973 నుంచి జరుగుతోంది. జనవరి 6న వచ్చే ఎపిఫనీ పండుగ రోజుల్లో పెడతారు. స్థానిక మాండలికంలో స్నోషూను చాస్పొలా అంటారు, రేసు పేరు అక్కడి నుంచే వచ్చింది. మంచి సంవత్సరాల్లో వేలమంది పాల్గొంటారు. ముందు వరసలో అంతర్జాతీయ రన్నర్లు ప్రాణం పెట్టి పరిగెడతారు. వాళ్ల వెనక తాతలు, పిల్లలు, విచిత్ర వేషాలు వేసుకున్న మిత్రబృందాలు తాపీగా నడుస్తాయి. గెలిచినవాడు స్నానం చేసి భోజనం ముగించేసరికి కూడా ఇంకా జనం వస్తూనే ఉంటారు.

కానీ ఫొండో ఎత్తు సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు మించదు. చలికాలాలు వెచ్చబడుతున్నకొద్దీ జనవరి మొదటివారంలో అక్కడ మంచు ఉంటుందన్న భరోసా పోయింది. మంచు పడని ఏడు నిర్వాహకులు లారీల్లో తెచ్చి బాట పొడవునా పరిచారు. గోధుమరంగు పొలాల మధ్య సన్నటి తెల్లటి పట్టీ, దాని మీద వేలమంది. ఇంత శ్రమ, ఇంత డీజిల్ ఎందుకని అడిగేవాళ్లు ఉన్నారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే చలికాలపు పర్యాటకం మీద బతికే లోయకు ఆ ఒక్క వారం రాబడి ఎంత ముఖ్యమో తెలిస్తే, లారీలు ఎందుకు కదిలాయో కూడా అర్థమవుతుంది.

గెలిచేవాళ్లు ఎవరు? ఎక్కువగా కొండ పరుగుల నుంచి వచ్చినవాళ్లే. 2017 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని సారనాక్ లేక్‌లో ప్రపంచ స్నోషూ పోటీలు జరిగినప్పుడు పురుషుల విజేత జోసెఫ్ గ్రే. అంతకు ముందు ఏడే ఆయన ప్రపంచ మౌంటెన్ రన్నింగ్ చాంపియన్. అమెరికా జాతీయ స్నోషూ టైటిళ్లు పలుమార్లు గెలిచిన జోసయ్య మిడా వేసవిలో ఆఫ్‌రోడ్ ట్రయాథ్లాన్ ఆడతాడు, 2015లో అందులోనే ఎక్స్‌టెర్రా ప్రపంచ విజేత. ఎగుడుదిగుడు నేల మీద పాదం ఎక్కడ పడుతుందో చూసుకుంటూ, ఊపిరిని అదుపులో పెట్టుకుంటూ ఎక్కడం అలవాటైనవాళ్లకు మంచు అంత పరాయిదిగా అనిపించదు. చదునైన రోడ్డు మీద గడియారం చూసుకుంటూ పరిగెత్తేవాళ్లకే ఇబ్బంది. ఇక్కడ కిలోమీటరుకు ఇన్ని నిమిషాలు అన్న లెక్కకు అర్థం లేదు. నిన్నటి మంచు వేరు, ఇవాళ్టి మంచు వేరు.

స్నోషూను మిగతా ఆటలతో కలిపిన పోటీల్లో న్యూ మెక్సికోలోని మౌంట్ టేలర్ క్వాడ్రథ్లాన్‌ది ప్రత్యేక స్థానం. గ్రాంట్స్ పట్టణం నుంచి సైకిల్ మీద బయలుదేరి, తర్వాత పరుగు, తర్వాత స్కీ, చివరికి స్నోషూలతో సుమారు 3,445 మీటర్ల శిఖరం ఎక్కుతారు. అక్కడితో అయిపోలేదు. అదే వరుసను తిరగేసి, స్నోషూలతో మొదలుపెట్టి సైకిల్‌తో ముగిస్తూ కిందికి దిగాలి.

భారతీయులకు ఈ ఆటలో చోటు లేదనుకోకూడదు. మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల కోసం జరిగే స్పెషల్ ఒలింపిక్స్‌లో 1997 టొరంటో పోటీల నుంచి స్నోషూ పరుగు అధికారిక క్రీడ. 25 మీటర్ల నుంచి మొదలుపెట్టి వందలు, వేల మీటర్ల దాకా రకరకాల దూరాలున్నాయి. స్కీ నేర్చుకోవడానికి కొండ, లిఫ్టు, నెలల శిక్షణ కావాలి. స్నోషూకు చదునైన నేల, జత స్నోషూలు ఉంటే సరిపోతుంది. మంచు లేని దేశాల జట్లు ఇసుక మీద, గడ్డి మీద కూడా సాధన చేస్తాయి. 2025 మార్చిలో ఇటలీలోని టూరిన్‌లో జరిగిన ప్రపంచ శీతాకాల క్రీడల నుంచి భారత జట్టు 33 పతకాలతో తిరిగొచ్చింది. వాటిలో స్నోషూ పరుగులో గెలిచినవీ ఉన్నాయి. క్రికెట్ వార్తల కింద ఆ సంగతి మన పత్రికల్లో ఎంతమంది కంట పడిందో మరి.

మామూలు వింటర్ ఒలింపిక్స్‌లో మాత్రం స్నోషూకు ఇప్పటికీ చోటు లేదు. ప్రపంచ స్నోషూ సమాఖ్య ఆ చోటు కోసం ప్రయత్నిస్తూనే ఉంది. టీవీకి నప్పే జారుడు వేగం, గాలిలో గిరికీలు ఇందులో లేవు. చెట్ల మధ్య వరసగా పోయే మనుషులను చూపించడం కెమెరాకు కష్టమే.

మిన్నియాపొలిస్‌లోనో, బోస్టన్ చుట్టుపక్కలో, టొరంటోలోనో ఉన్న తెలుగువాళ్లకు మాత్రం ఇది అందుబాటులోని ఆట. ఆ ప్రాంతాల పార్కుల్లో, స్కీ కేంద్రాల్లో స్నోషూలు అద్దెకు దొరుకుతాయి. చాలా స్థానిక రేసుల్లో నిర్వాహకులే తక్కువ రుసుముకు ఇస్తారు. అద్దెకు తీసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త తప్పనిసరి: షికారు నడకకు చేసిన పెద్ద స్నోషూ ఇస్తే వద్దని, రన్నింగ్‌కు వాడే చిన్నది అడగాలి. పెద్దది కట్టుకుంటే అర కిలోమీటరులోనే చీలమండల లోపలివైపు ఒరుసుకుని చర్మం లేస్తుంది. మొదటి రేసుకు ఐదు కిలోమీటర్లు చాలు. స్టార్ట్ లైన్‌లో వెనకవైపు నిలబడితే బాట ముందే అణిగి ఉంటుంది, ఎవరికీ అడ్డం పడాల్సిన అవసరమూ రాదు.

రేసు ముందురోజు సాయంత్రం నిర్వాహకులు పంపే కబురు చూసుకోవడం మరిచిపోకూడదు. మంచు చాలకపోతే కొన్ని పోటీలను రద్దు చేస్తారు, కొన్నిటిని అదే బాట మీద మామూలు ట్రెయిల్ పరుగుగా మార్చేస్తారు. న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఇలా మారడం అరుదేమీ కాదు. అందుకే అక్కడి పాత కాపులు కారు డిక్కీలో స్నోషూలు, చిన్న ముళ్లున్న రబ్బరు తొడుగులు, మామూలు ట్రెయిల్ షూ మూడూ వేసుకుని బయలుదేరతారు. ఏది కట్టుకోవాలో పొద్దున బాట చూశాకే తేల్చుకుంటారు.